నానూక్ చేతిలో తుపాకి ఎందుకు లేదు?

జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో ఏళ్ళ తరబడి కదలకుండా కూర్చున్న ప్రశ్న ఒకటుంది. ఎస్కిమోలు నివసించే ఇంటిని ఏమంటారు? జవాబు: ఇగ్లూ. గురుకులం ప్రవేశ పరీక్షకు చదివే మన పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఒక్క మార్కు ప్రశ్న. అందులో తప్పులు మాత్రం మూడు.

మొదటిది పేరు. భూమికి ఉత్తరపు కొసన, గ్రీన్‌లాండ్, కెనడా, అలాస్కా తీరాల్లో తరతరాలుగా బతుకుతున్న ఆ జనం తమను తాము ఇన్యూట్ అని పిలుచుకుంటారు. ఇనుక్ అంటే ఒక మనిషి, ఇన్యూట్ అంటే మనుషులు. ఎస్కిమో అన్నది బయటివాళ్ళు పెట్టిన పేరు. అలాస్కాలో కొందరు ఇప్పటికీ ఆ మాట వాడుకుంటారు గానీ, కెనడాలో, గ్రీన్‌లాండ్‌లో దాన్ని చిన్నచూపుగానే తీసుకుంటారు. ఈ బాధ మనకు ఎవరో విడమరిచి చెప్పనక్కర్లేదు. మమ్మల్ని లోకమంతా గోండులంటుంది, మా ఇళ్ళలో మేం కోయితూర్. ఆ మాటకూ అర్థం మనిషే.

రెండోది, వాళ్ళ ఇనుక్టిటుట్ భాషలో ఇగ్లు అంటే ఇల్లు, అంతే. చెక్కతో కట్టినా, రాతితో కట్టినా ఇగ్లునే. మూడోది, మంచు దిమ్మెలతో కట్టే గుండ్రటి ఇల్లు చలికాలానికీ, వేట దారిలో బసకూ. ఎండలు రాగానే జనం తోలు గుడారాల్లోకి మారిపోయేవారు. గ్రీన్‌లాండ్‌లో చాలాచోట్ల రాళ్ళతో, మట్టిపెళ్ళలతో ఇళ్ళు కట్టుకునేవారు. ఇప్పుడైతే అందరివీ మామూలు ఇళ్ళే, కరెంటు ఉంటుంది, వాకిట్లో మంచు మీద నడిచే మోటారు బండి ఉంటుంది.

మరి లోకం కళ్ళకు ఆ ఒక్క మంచు గూడే ఎందుకు అతుక్కుపోయింది? చాలావరకు ఒక సినిమా వల్ల. దాని పేరు 'నానూక్ ఆఫ్ ద నార్త్'. 1922లో వచ్చింది. తీసినవాడు రాబర్ట్ ఫ్లాహెర్టీ అనే అమెరికన్. డాక్యుమెంటరీ చరిత్ర చెప్పే ప్రతి పుస్తకమూ దీనితోనే మొదలవుతుంది. ఆ సినిమాను, దాదాపు ఎనభై ఏళ్ళ తర్వాత ఇన్యూట్ తమ చేతులతో తీసుకున్న మరో సినిమాను పక్కపక్కన పెట్టి చూడాలని మా ఉద్దేశం. మన యువకుల చేతుల్లో ఇప్పుడు సెల్‌ఫోన్లున్నాయి. దండారి వస్తే గుస్సాడీని తీస్తున్నారు, జాతర వస్తే జాతర తీస్తున్నారు. కాబట్టి ఈ రెండు సినిమాల గొడవ మన గొడవ కూడా.

ముందే చెప్పేస్తాం, ఫ్లాహెర్టీ సినిమా మాకు నచ్చింది. మాటల్లేని సినిమా. నానూక్ అనే వేటగాడు, అతని ఇంటి ఆడవాళ్ళు, పిల్లలు, కుక్కలు, ఒక ఏడాది బతుకు. అందులో మంచు ఇల్లు కట్టే ఘట్టం చూసి తీరాలి. దంతంతో చేసిన కత్తిని నాకి, ఆ తడి మంచులా గడ్డకట్టగానే దిమ్మెలు కోయడం మొదలుపెడతాడు. ఒక్కో దిమ్మెను కొద్దికొద్దిగా లోపలికి వంచుతూ చుట్టూ తిప్పి పేరుస్తాడు. పైకప్పు మూసుకున్నాక గోడకు కన్నం చేసి, అద్దం బదులు గడ్డకట్టిన నీటి పలక బిగిస్తాడు. ఆ పలక పక్కనే ఒక మంచు దిమ్మెను నిలబెడతాడు, వెలుతురు దాని మీద పడి లోపలికి తిరగాలని. ఇల్లు కప్పడం తెలిసిన మన పెద్దలకు ఈ ఘట్టం చూపిస్తే ఒక్క ముక్క కూడా వివరించనక్కర్లేదు. పని తెలిసిన చేతిని పని తెలిసిన కన్ను గుర్తుపడుతుంది. ఫ్లాహెర్టీ ఆ చేతిని గౌరవించి, తొందరపడకుండా చూపించాడు. ఆ గుణం అతనికి ఇవ్వాల్సిందే.

ఇక రెండో సంగతి. నానూక్ అసలు పేరు నానూక్ కాదు, అల్లకరియల్లక్. నానూక్ అంటే ధ్రువపు ఎలుగు. తెల్లవాళ్ళ నోటికి పలకడం సులువు, వినడానికి వీరుడిలా ఉంటుంది, కాబట్టి ఆ పేరు తగిలించారు. తెర మీద అతని భార్యగా కనిపించే నైలా అతని భార్య కాదు. ఆమె పేరు మ్యాగీ. మంచు ఇంట్లోపల తీసిన దృశ్యాలకు వెలుతురు చాలదని ఇంటిని మామూలు కంటే పెద్దగా కట్టించి, ఒక పక్క గోడే లేకుండా చేశారు. ఆ కుటుంబం బట్టలు విప్పి పడుకునే దృశ్యంలో వాళ్ళు నిజానికి బయటి గాలిలోనే వణుకుతున్నారు. సీల్ వేట ఇంకా విచిత్రం. మంచులో ఊపిరి కన్నం దగ్గర ఈటె దించి, నానూక్ తాడు పట్టుకుని లాగుతాడు, జారిపడతాడు, మళ్ళీ లేస్తాడు. చూసేవాళ్ళు నవ్వుతారు. తాడు రెండో కొసను కెమెరాకు కనిపించకుండా మనుషులే లాగుతున్నారు. చివరికి బయటికి వచ్చిన సీల్ ఎప్పుడో చచ్చిపోయింది.

ఇవన్నీ మోసాలే కదా అని కొందరు విమర్శకులు ఆ సినిమాను చెత్తబుట్టలో వేస్తారు. మేం అంత దూరం వెళ్ళం. వెలుతురు కోసం గోడ తీసేయడం కెమెరా అవసరం. 1920లో కెమెరాలు అలాంటివి. ఒక పని ఎలా జరుగుతుందో చూపడానికి దాన్ని మళ్ళీ చేసి చూపించమనడం కూడా పెద్ద తప్పేమీ కాదు, బడిలో సైన్సు ప్రయోగం చూపించేటప్పుడు మనం చేసేది అదే. పైగా ఆ పనిలో ఊరి జనమే సగం సినిమా బృందం. ఫిల్ము కడగడానికి నీళ్ళు మోసింది వాళ్ళు, మంచులో బిగిసిపోయిన కెమెరా బాగు చేసింది వాళ్ళు. తీసిన వాల్రస్ వేటను వాళ్ళకే వేసి చూపిస్తే తెర మీది మృగాన్ని వదలొద్దని కేకలు పెట్టారని ఫ్లాహెర్టీ రాసుకున్నాడు. అంటే అల్లకరియల్లక్ తోలుబొమ్మ కాదు, తాను నటిస్తున్నానని ఎరిగిన నటుడు. కానీ సినిమా మొదట్లో వచ్చే పేర్లలో అతన్ని నటుడని ఎక్కడా రాయలేదు. మా మొదటి అభ్యంతరం అక్కడ.

రెండో అభ్యంతరం గ్రామఫోన్ దగ్గర. నానూక్ దుకాణానికి వస్తాడు. తెల్ల వ్యాపారి గ్రామఫోన్ తిప్పి పాట వినిపిస్తాడు. నానూక్ ఆశ్చర్యపోయి, వంగి చూసి, నవ్వి, ఆ రికార్డును తీసుకుని పళ్ళతో కొరుకుతాడు. మా ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ ముక్క వేసినప్పుడు గది గదంతా నవ్వింది. అల్లకరియల్లక్‌కు గ్రామఫోన్ అంటే ఏమిటో ముందే తెలుసునని, అలా చేయమంటే చేశాడని చెప్పాం. వెంటనే వెనక బెంచీ నుంచి ఒక పిల్ల అడిగింది: "మరి ఎవర్ని నవ్వించడానికి సార్?" ఈ సినిమా మీద మేం చదివిన విమర్శల్లో ఇంత సూటి ప్రశ్న ఇంకొకటి లేదు. సీల్ వేటలో జారిపడితే అతని ఓపికను చూసి నవ్వుతాం. రికార్డు కొరికితే అతని తెలివిని చూసి నవ్వుతాం. తెలుగు సినిమాల్లో ఆకులు చుట్టుకుని, ముఖానికి రంగులు పూసుకుని, రాని తెలుగు మాట్లాడే 'కోయదొర' వేషం చూసి హాలంతా నవ్వుతుంటే, ఆ హాల్లో కూర్చున్న కోయ పిల్లవాడికి ఈ రెండు నవ్వులకూ తేడా బాగా తెలుస్తుంది.

మూడోది అన్నిటికంటే పెద్దది, అదే మా శీర్షిక. 1920 నాటికి ఇనుక్‌జువాక్ ప్రాంతపు ఇన్యూట్ తుపాకులతో వేటాడుతున్నారు. ఆ ఊరు హడ్సన్ అఖాతం తూర్పు తీరాన ఉంది. సినిమా కోసం తుపాకులు పక్కన పెట్టి, తాతల నాటి ఈటెలు పట్టమన్నాడు ఫ్లాహెర్టీ. కనుమరుగైపోతున్న పాత బతుకును పట్టుకోవాలని అతని కోరిక అంటారు. కావచ్చు. అయితే తుపాకి తీసేస్తే దానితో పాటు ఏమేం మాయమయ్యాయో చూడండి. తుపాకికి తూటాలు కావాలి. తూటాలు దుకాణంలో దొరుకుతాయి. దుకాణం వాడికి తెల్లనక్క తోళ్ళు కావాలి. ఆ తోళ్ళ కోసం వేటగాడు తన తిండి జంతువును వదిలి, తినడానికి పెద్దగా పనికిరాని నక్క వెంట తిరగాలి. తోళ్ళు తగ్గిన ఏడాది అప్పు పెరుగుతుంది. ఇప్పపువ్వుకూ సారపలుకులకూ ఉప్పు కొలిచి ఇచ్చిన సావుకారి కథ తెలిసిన మనకు ఈ లెక్క కొత్త కాదు. సినిమాలో దుకాణం ఉంది గానీ, అక్కడి వ్యాపారి చిరునవ్వుతో పిల్లలకు తినుబండారాలు పెడతాడు, ఒక పిల్లాడికి అజీర్తి చేస్తే ఆముదం తాగిస్తాడు. ఎంత మంచివాడు! ఈ సినిమాకు డబ్బు పెట్టింది రెవియాన్ ఫ్రేర్ అనే ఫ్రెంచి కంపెనీ. వాళ్ళ వ్యాపారం బొచ్చుతోళ్ళు.

సినిమాకు ముందు అతికించిన మాటల్లో నానూక్ తరువాత వేటకు పోయి, ఆహారం దొరక్క ఆకలితో చనిపోయాడని చెప్పారు. అల్లకరియల్లక్ ఇంటి దగ్గరే చనిపోయాడు, బహుశా క్షయతో. క్షయ బయటివాళ్ళతో వచ్చిన జబ్బు. ఆకలి చావైతే తప్పు మంచుది, క్షయ చావైతే తప్పు ఇంకెవరిదో వెతకాలి. సినిమా మొదటి దారి పట్టింది.

ఆ ఊరికి తరువాత ఏమైందో సినిమా పుస్తకాల్లో ఉండదు, చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది. నక్క తోళ్ళ ధర పడిపోయింది. అప్పుల మీద, ప్రభుత్వ సాయం మీద బతుకు పడింది. 1953లో కెనడా ప్రభుత్వం ఇనుక్‌జువాక్ కుటుంబాలు కొన్నిటిని ఓడ ఎక్కించి, దాదాపు రెండు వేల కిలోమీటర్లు ఉత్తరానికి, గ్రైస్ ఫియోర్డ్, రెజల్యూట్ అనే చోట్లకు తరలించింది. అక్కడ వేట బోలెడుందని, నచ్చకపోతే రెండేళ్ళలో తిరిగి తీసుకొస్తామని చెప్పింది. తీసుకురాలేదు. ఇనుక్‌జువాక్‌లో చలికాలమైనా రోజూ పొద్దు పొడుస్తుంది. కొత్త చోట నెలల తరబడి సూర్యుడు కనిపించడు. జంతువులు వేరు, మంచు వేరు, తాగునీరు దొరికే తీరు వేరు. ఆర్కిటిక్ దీవులు తమవేనని లోకానికి చాటుకోవడానికి ప్రభుత్వం మమ్మల్ని జెండా కర్రల్లా పాతిందని ఆ కుటుంబాలు తరువాత చెప్పాయి. ప్రభుత్వం క్షమాపణ కోరింది 2010లో.

1955లో అదే దారిన పంపిన వాళ్ళలో జోసెఫీ ఫ్లాహెర్టీ అనే మనిషి ఉన్నాడు. ఇంటిపేరు చూశారు కదా. సినిమాలో నైలాగా నటించిన మ్యాగీకి రాబర్ట్ ఫ్లాహెర్టీ వల్ల పుట్టిన కొడుకు. సినిమా తీసి వెళ్ళిన తండ్రి మళ్ళీ ఆ ఊరు రాలేదు, ఆ కొడుకును చూడలేదు. మంచులో ఎవరి సాయమూ లేకుండా నవ్వుతూ బతికే మనుషుల బొమ్మను తండ్రి లోకానికి ఇచ్చాడు. అలాంటి మనుషులను ఎక్కడ దించినా బతుకుతారులే అనుకున్న అధికారులు కొడుకును ఓడెక్కించారు. ఈ రెంటికీ నేరుగా ముడి ఉందని కాగితం మీద రుజువు చూపలేం, కానీ ఈ రెండు సంగతులనూ విడదీసి ఆ సినిమాను చూడటం ఇక మా వల్ల కాదు.

బయటివాడు తీశాడు కాబట్టి తప్పు అని మేం అనడం లేదు. మన ఆదిలాబాద్‌లో హైమన్‌డార్ఫ్ దంపతులు కెమెరా పట్టుకునే వచ్చారు. మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు, గోండు టీచర్లకు శిక్షణ మొదలుపెట్టించారు, భూముల మీద పట్టాల గురించి నిజాం ప్రభుత్వంతో మాట్లాడారు. ఆయన రాసిన వాటితో మనకు పేచీలు ఉండొచ్చు. అయినా ఆయన తీసిన ఫొటోల వెనక భూమి కథ ఉంది, సావుకారి కథ ఉంది. ఫ్లాహెర్టీ బొమ్మలో లేనిది అదే.

ఇప్పుడు రెండో సినిమా. 'అటనార్జువాట్', అంటే వేగంగా పరిగెత్తేవాడు. 2001లో వచ్చింది. దర్శకుడు జకారియాస్ కునుక్. ఊరు ఇగ్లూలిక్, రెండు వేల మంది ఉండే దీవి ఊరు. ఇది ఇప్పుడు నునావుట్‌లో ఉంది. నునావుట్ అంటే మా భూమి. ఇన్యూట్ ఏళ్ళ తరబడి బేరమాడి సాధించుకున్న ఈ ప్రాంతం 1999 ఏప్రిల్ 1న ఏర్పడింది. విస్తీర్ణం 20 లక్షల చదరపు కిలోమీటర్ల పైమాట, జనం దాదాపు 40 వేలు.

ఇగ్లూలిక్ గురించి టీచర్లకు ఒక్క సంగతి చెప్పాలి. 1970లలో ప్రభుత్వం ఆ ఊరికి టీవీ ఇస్తామంది. ఊరు ఓటు వేసి వద్దంది. రెండోసారి అడిగితే మళ్ళీ వద్దంది. అందులో మా భాష ఒక్క గంట కూడా రాదు, మా పిల్లలను దాని ముందు కూర్చోబెట్టి ఏం చేయాలి అన్నది వాళ్ళ వాదన. ఇన్యూట్ సొంత ప్రసార సంస్థ మొదలై, ఇనుక్టిటుట్‌లో కార్యక్రమాలు వచ్చాక, 1983లో గానీ ఒప్పుకోలేదు. అదే కాలంలో కునుక్ రాతి బొమ్మలు చెక్కి అమ్మిన డబ్బుతో ఒక వీడియో కెమెరా కొనుక్కున్నాడు. చిన్నప్పుడు కూడా అతను బొమ్మలు చెక్కి అమ్మేవాడు, కౌబాయ్ సినిమా టికెట్టు కోసం. వాటిలో రెడ్ ఇండియన్లను తరిమే గుర్రపు సైన్యం వైపే కేరింతలు కొట్టేవాళ్ళమని పెద్దయ్యాక చెప్పుకున్నాడు.

సినిమా కథ ఆ ఊరి పాత కథ. పాల్ అపాక్ అంగిలిర్క్ అనే రచయిత పెద్దల దగ్గర కూర్చుని, ఒకరొకరు చెప్పిన తీరును రికార్డు చేసి, ఇనుక్టిటుట్‌లోనే స్క్రిప్టు రాశాడు. సినిమా పూర్తవక ముందే 1998లో చనిపోయాడు. ఊరి జనమే నటులు. కారిబూ తోళ్ళ దుస్తులు ఊరి ఆడవాళ్ళే కుట్టారు. కారిబూ అంటే అక్కడి దుప్పి జాతి జంతువు. దాని తోలుతో రెండు పొరల చొక్కా వేస్తారు, లోపలి పొర బొచ్చు ఒంటికి తగిలేలా, బయటి పొర బొచ్చు గాలికి తగిలేలా. రెండు బొచ్చుల నడుమ గాలి నిలిచి వెచ్చదనం ఉంటుంది. ఇంట్లో మెత్తని రాతిని తొలిచిన దీపం, అందులో సీల్ కొవ్వు, అంచున నాచు వత్తి. వెలుగూ అదే, పొయ్యీ అదే. దాని మంట పొగ రాకుండా సరిచేస్తూ కూర్చోవడం ఇంటి ఇల్లాలి విద్య. సినిమా ఇవేవీ వివరించదు. ఆ దీపం అలా వెలుగుతూ ఉంటుంది, దాని ముందు మనుషులు పోట్లాడుకుంటారు, అంతే. మా కళ్ళు తెరిపించింది ఈ వివరించకపోవడమే. ఇంటివాడు ఇంటివాళ్ళకు కథ చెప్పేటప్పుడు పొయ్యి అంటే ఏమిటో చెప్పడు.

ఒక కుటుంబంలో అన్నదమ్ములు. అన్న బలవంతుడు, తమ్ముడు అటనార్జువాట్ పరుగుగాడు. ఓకీ అనే నాయకుడి కొడుక్కి చెప్పి ఉంచిన పిల్లను తమ్ముడు పోటీలో గెలుచుకుంటాడు. తరువాత ఓకీ చెల్లెలు పూజాను రెండో భార్యగా తెచ్చుకుంటాడు. ఆమె వల్ల అన్నదమ్ముల మధ్య చిచ్చు. ఓకీ తన మనుషులతో వచ్చి, అన్నదమ్ములు పడుకున్న గుడారాన్ని కూల్చి పైనుంచి ఈటెలతో పొడుస్తాడు. అన్న చస్తాడు. తమ్ముడు ఒంటిమీద నూలుపోగు లేకుండా, వట్టి కాళ్ళతో సముద్రపు మంచు మీద పరిగెత్తుతాడు. కరిగిన నీటి మడుగులు, పదునైన మంచు అంచులు, వెనక ముగ్గురు. పాదాలు చీలి అడుగడుగునా నెత్తురు. ఆ పరుగు చూస్తూ మేం ఎవరమూ మాట్లాడలేదు.

సినిమా దాదాపు మూడు గంటలు. మొదటి అరగంట ఎవరు ఎవరో అర్థం కాదు. ఇది లోపమే, దాచనక్కర్లేదు. పేర్లు పట్టుబడవు, చుట్టరికాలు తికమక పెడతాయి. ఇగ్లూలిక్ పిల్లలకు కథ ముందే తెలుసు కాబట్టి దర్శకుడు మన సంగతి పట్టించుకోలేదు. పట్టించుకోనక్కర్లేదు కూడా. ఒక కాగితం మీద ఆ రెండు కుటుంబాల పేర్లు రాసుకుని కూర్చుంటే సరిపోతుంది.

ఇక్కడొక చిక్కు ప్రశ్న ఉంది, మా తోటి ఉపాధ్యాయులొకరు వేశారు. కునుక్ కూడా పాత బట్టలే వేయించాడు కదా, తుపాకి తీసేశాడు కదా, దుకాణం లేదు కదా, మరి ఫ్లాహెర్టీని తప్పుపట్టి ఇతన్ని మెచ్చుకోవడం ఏం న్యాయం? న్యాయమైన ప్రశ్నే. మా జవాబు ఇది. ఫ్లాహెర్టీ 1920 నాటి మనుషులకు పాత బట్టలు వేసి, వీళ్ళు ఇప్పుడు ఇలాగే ఉన్నారు అన్నాడు. కునుక్ ఇది తాతల కాలపు కథ అన్నాడు. సినిమా చివర పేర్లు పడుతుండగా తీస్తున్న బృందాన్నే చూపించాడు, ఇప్పటి కోట్లలో, కళ్ళద్దాలతో, కెమెరాను మంచు బండి మీద పెట్టి తోసుకుపోతూ. అంటే ఈ పాత బతుకు వేషమనీ, వేసింది మేమేననీ ఒప్పుకున్నాడు. అల్లకరియల్లక్‌కు దక్కని గౌరవం అది.

ఇంకొక తేడా ఉంది, మా దృష్టిలో అసలైనది. నానూక్ సినిమాలో చెడ్డవాళ్ళు లేరు. అందరూ అమాయకులు, అందరూ నవ్వుతారు. అటనార్జువాట్‌లో ఇన్యూట్ ఇన్యూట్‌నే చంపుతాడు. అసూయ ఉంది, అక్రమ సంబంధం ఉంది, బలాత్కారం ఉంది, తండ్రిని చంపిన కొడుకు ఉన్నాడు. మన గురించి రాసేటప్పుడు కొందరు మంచి మనసుతోనే ఆదివాసులు కల్లాకపటం ఎరుగరని రాస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ కపటం ఎరగనివాడికి ఎదుటివాడి కపటం ఎలా తెలుస్తుంది? పంచాయతీ ఎందుకు, పట్లా ఎందుకు, తప్పుకు దండుగ ఎందుకు? మంచీ చెడూ రెండూ ఉన్న మనుషులకే కట్టుబాట్లు కావాలి. కునుక్ తన జనాన్ని అలా చూపించగలిగాడు. బయటివాడు అదే చూపిస్తే అనుమానించేవాళ్ళం. ఈ తేడాను కొందరు పక్షపాతం అంటారు, అననివ్వండి.

ముగింపు మీద మాలో మాకే వాదం ఉంది. పాత కథలో అటనార్జువాట్ శత్రువులను చంపి పగ తీర్చుకుంటాడు. సినిమాలో చంపడు. మంచు ఇంట్లో నేలను నున్నగా గడ్డకట్టించి, తాను మాత్రం కాళ్ళకు కొమ్ము ముళ్ళు కట్టుకుని ఓకీని పడగొడతాడు. ఆయుధం ఎత్తి, అతని తల పక్కన మంచు మీద కొట్టి ఆపేస్తాడు. తరువాత ఊరి ముసలమ్మ తప్పు చేసినవాళ్ళను, ఆమె మనవడూ మనవరాలూ అయినా సరే, ఊరి నుంచి వెళ్ళగొడుతుంది. పెద్దల కథను మార్చే హక్కు ఎవరిచ్చారు అని మాలో ఒకరంటే, పెద్దలు కూడా చెప్పిన ప్రతిసారీ ఎంతో కొంత మార్చే చెప్పారు కదా అని మరొకరు. మా మొగ్గు రెండో మాట వైపు. మన ప్రధాన్ కళాకారుడు కింగ్రి పట్టుకుని అదే కథను రెండు ఊళ్ళలో ఒకేలా చెప్పడు, ఎదురుగా కూర్చున్నవాళ్ళను చూసి చెబుతాడు. కథ చెప్పే జాతిలోనివాడు, ఆ జాతి పెద్దల ముందే, ఇప్పటి ఊరికి పగ కంటే ఆగడం అవసరమని తలచి మార్చాడు. పరాయివాడు పరాయి చూపరుల రుచి కోసం మార్చడం వేరే సంగతి. ఈ సినిమాకు 2001లో కాన్ చిత్రోత్సవంలో తొలి సినిమాకిచ్చే కామెరా డోర్ బహుమతి వచ్చింది. ఇనుక్టిటుట్ మాట్లాడే సినిమా, ఆ భాష ఒక్క ముక్క రానివాళ్ళ మధ్య గెలిచింది. మన భాషలో తీస్తే ఎవరు చూస్తారు అనే యువకులు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మూడో సినిమా ఒకటుంది, తక్కువ మాటల్లో చెబుతాం. 'యాంగ్రీ ఇనుక్', కోపం వచ్చిన ఇనుక్ అని. 2016లో వచ్చింది, తీసింది అలేతియా అర్నాకుక్-బరిల్ అనే ఇన్యూట్ మహిళ. ఇది సీల్ తోలు మీద నిషేధం గురించి. న్యూఫౌండ్‌లాండ్ వైపు జరిగే పెద్ద వ్యాపార వేటలో తెల్ల బొచ్చు సీల్ పిల్లల ఫొటోలు చూపి, జంతుప్రేమికులు ఐరోపాలో ఉద్యమం చేశారు. 1983లో ఒకసారి, 2009లో ఇంకా గట్టిగా ఐరోపా దేశాలు నిషేధం పెట్టాయి. ఇన్యూట్‌కు మినహాయింపు ఇచ్చామన్నారు. ఇన్యూట్ వేటాడేది ఎక్కువగా పెద్ద సీల్‌లను, తిండికోసం, మాంసం తిన్నాక మిగిలిన తోలు అమ్ముకుంటారు. కానీ సంతే మూతపడ్డాక మినహాయింపు కాగితాన్ని ఏం చేసుకుంటారు? తోలు ధర కూలింది. బయటి సరుకుల ధరలు మాత్రం అక్కడ ఆకాశంలో ఉంటాయి. ఆకలి పెరిగింది. ఆమె సినిమాలో యువకులు ఆవేశంగా అరవరు. సీల్ తోలు కోటు వేసుకుని, నవ్వుతూ ఫొటో దిగి సోషల్ మీడియాలో పెడతారు. ఇన్యూట్ కోపం అరుపుల్లో కనిపించదని, అందుకే అరిచేవాళ్ళ మాటే లోకానికి వినబడిందని ఆమె వాదన. కవ్వాల్ పులుల అభయారణ్యం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు ఈ వాదన మళ్ళీ వివరించాలా? పులిని ప్రేమించేవాళ్ళతో మనకు పగ లేదు, పులి మనకూ దేవుడే. మనల్ని అడగకుండా గీసిన గీతతోనే మన పేచీ.

అలేతియా సినిమాలో మాకు ఒక కొరత కనిపించింది. నిషేధం కోరినవాళ్ళు ఆమెతో మాట్లాడకుండా తప్పించుకు తిరిగారు, నిజమే. అయినా వాళ్ళ వాదనను వాళ్ళకంటే బలంగా ఆమే చెప్పి, అప్పుడు కొట్టి ఉంటే దెబ్బ ఇంకా గట్టిగా తగిలేది.

బడిలో చూపాలనుకునే టీచర్ల కోసం రెండు మాటలు. నానూక్ పాత సినిమా, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, మాటలు లేవు కాబట్టి ఆరో తరగతి నుంచీ చూపవచ్చు, గంటన్నర లోపే అయిపోతుంది. ఇల్లు కట్టే ఘట్టం ముందు వేయండి, గ్రామఫోన్ ఘట్టం తరువాత వేయండి, నవ్వు ఆగాక ఆపి మాట్లాడండి. అటనార్జువాట్ చిన్న పిల్లలకు వద్దు, హింసా నగ్నత్వమూ ఉన్నాయి. కాలేజీ పిల్లలకు, టీచర్ల సమావేశాలకు సరిపోతుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో వస్తుంది. పక్కన కూర్చుని ఒకరు తెలుగులోనో, గోండిలోనో, కోయలోనో, కొలామీలోనో చెబుతూ పోతే పెద్దలు కూడా కదలకుండా కూర్చుంటారు. మధ్యలో ఒకసారి టీ ఇవ్వండి, మూడు గంటలు కదా.